పసుపు రొమ్ము వడ్రంగిపిట్ట

ప్రొద్దుటూరు,
ఆగస్టు 1955.

జానకీ,

నువ్వు ఎదురుచూస్తుంటావని తెలిసీ మద్రాసు నుంచి నేరుగా ఇంటికి రాలేకపోయాను. స్నేహితుడు ఆదినారాయణ ఇంట్లో దిగి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన వడ్రంగిపిట్ట కొత్త జాతి కాదు.

మ్యూజియం పెద్దాయన సొరుగు లాగి, అందులో దూది కుక్కి దాచిన పాత పిట్టల పక్కన మనదాన్ని పడుకోబెట్టాడు. పసుపు నెత్తి, పొట్టమీద ఎర్ర మచ్చ, ముక్కు పొడవు, అన్నీ సరిపోయాయి. రొమ్ము రంగు ఒక్కటే తేడా. దానిమీదే కదా నేను ఆశలన్నీ పెట్టుకున్నది! ఆయన దూదిని స్పిరిట్‌లో ముంచి రొమ్ము తుడిచాడు. రంగంతా దూదికి వచ్చేసింది. వాసన చూసి, "ఇది వంటింటి పసుపు మాస్టారూ" అన్నాడు. నూటయాభై ఏళ్ల కిందటే మరాఠా దేశం పేరు పెట్టేసిన పిట్టట అది. పక్కనున్న గుమాస్తాలు నవ్వారు. భూమి చీలితే బాగుండుననిపించింది.

ఎవరి ఆకతాయితనమో నేను అడగను. నేను స్కూలు నుంచి వచ్చేసరికే అది అలా ఉంది. నా బాధ వేరు. కొత్త జాతిని కనిపెట్టినవాడు తనకిష్టమైన పేరు పెట్టుకోవచ్చు. మన వేదవతి పేరుకు లాటిన్ తోక తగిలించి దానికి పెడదామనుకున్నాను. బిడ్డ ఆరేళ్లకే పోయినా పేరు లోకమున్నంత కాలం పుస్తకాల్లో ఉంటుందనుకున్నాను. ఇంకా ఓడిపోలేదులే. ఇటువైపు అడవుల్లో వెతుకుతాను. ఆ పిట్టను కొట్టి తెచ్చిన మున్వర్‌నే తుపాకితో ఇక్కడికి పంపు. కొత్త పిట్ట దొరికేదాకా ఇంటి గడప తొక్కను.

నీ
గురురాజారావు

జమ్మలమడుగు.

ఏమండీ,

మీ జానకి నమస్కారాలు. మున్వర్‌ను పంపడం లేదు.

ఆ పసుపు రాసింది నేనే. ఆ రోజు మున్వర్ పిట్టను తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆడపిట్టమ్మా. దీని జత ఆడనే కొమ్మ మింద కూచోని అరుస్తాండె. నాకే శానా కష్టమనిపిచ్చె" అని తల వంచుకుని పోయాడు. చూస్తే రొమ్మంతా తుపాకి రవ్వలు తగిలిన గాయాలు. పులివెందులలో మా పుట్టింట అమ్మవారు పోసినప్పుడు మన బిడ్డ ఒళ్లు అలాగే ఉండింది. తగ్గాక వేపాకు, పసుపు నూరి ఒళ్లంతా రాసి నీళ్లు పోస్తానని ఎంత మొక్కుకున్నాను! తగ్గలేదు. పోయాకైనా ఒళ్లు కడుగుతానంటే, "వద్దుమ్మా, అంటుకుంటాది. ఇంట్లో ఇంకా బిడ్డలుండారు" అని మా అన్న గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు. ఆ నీళ్లు ఈ పిట్టకు పోశాను. పిచ్చిదనుకోండి, పోసేశాను.

మీరొచ్చి ఆ రంగు చూసి గంతులేశారు. బిడ్డ పోయాక మీరు నవ్వింది అప్పుడే. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీకు తలవంపులు తెచ్చినందుకు మన్నించండి. కానీ అది కొత్త పిట్ట కానందుకు మాత్రం నాకు సంతోషమే. ఒక ప్రాణాన్ని జత ముందే కాల్చి, పొట్టలో దూది కుక్కి, కాలికి చీటీ కట్టి, దానికి నా బిడ్డ పేరా? ఇంకోసారి ఆ మాట ఎత్తకండి.

మద్రాసు వాళ్లకు చెప్పాలనుకున్న ఆ పేరు ఈ ఇంట్లో మీరు మళ్లీ ఎప్పుడన్నా పలికారా? పలికితే నేను ఏడుస్తానని మీరు, మీరు ఏడుస్తారని నేను, ఇద్దరం గొంతు నొక్కుకుని బతుకుతున్నాం. ఈ ఉత్తరం అందగానే బస్సెక్కి వచ్చేయండి. వాకిట్లో నిలబడి, బిడ్డ ఉన్నప్పటిలాగే "వేదా!" అని కేకేయండి. లోపల్నుంచి నేను పలుకుతాను.

జానకి