గ్లోరియా చెప్పిన జవాబు

తుకుం, చంద్రపూర్
మే 5

ప్రియమైన హెలెన్ అక్కకు,

ప్రభువు పేరిట నీ చెల్లెలు సుందరి వందనాలు. ఇక్కడ మేమంతా మా పనుల్లో మేం బాగానే ఉన్నాం. నువ్వూ పుణెలో ఆస్పత్రి డ్యూటీలు, హాస్టల్ తిండి తట్టుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. నా ఫోను ఎప్పుడూ నీ బిడ్డ చేతిలోనే ఉంటుంది. గ్లోరియా తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. అది చదవకూడదనే ఇలా రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. కూలర్‌కు కొత్త గడ్డి వేయించాం, అయినా ఈ ఎండలకు వేడిగాలే కొడుతోంది. మీ మరిది నోవాకు ఈ నెలంతా మిల్లులో పొద్దుటి డ్యూటీయే. ఇక మూడోది. గ్లోరియా ఫొటోలో సన్నగా, చక్కగా ఉంది, దేవునికి స్తోత్రం అని రాశావు. ఆ మాటకు జవాబు కొంచెం పెద్దది.

ఫిబ్రవరిలో మన బల్లార్‌పూర్ చర్చికి నాగపూర్ నుంచి వైశాలి అనే డాక్టరమ్మ వచ్చింది. ఆడవాళ్ళు ఎలా తింటారు, ఒంటి బరువు గురించి ఏమనుకుంటారు అని పరిశోధన చేస్తోంది. ప్రశ్నలన్నీ మరాఠీలో ఉన్నాయి. వాటిని తెలుగులో అడిగి జవాబులకు టిక్కు పెట్టే పని పాస్టర్‌గారు నాకు అప్పగించారు. సన్నటి మనిషి నుంచి లావుపాటి మనిషి దాకా తొమ్మిది బొమ్మలున్న కాగితం ఒకటుంది. అందులో ఎవరు ఆరోగ్యంగా ఉన్నారో చూపాలి. మన చర్చి పెద్దామె నర్సక్క అన్నిటికన్నా లావు బొమ్మ మీద వేలు పెట్టి, "గీమె ఇంట్ల బువ్వకు కొదువ లేదు. గీమెనే మంచిగున్నది" అంది. "మరి నీ బిడ్డ ఎట్లుండాలె" అని నేనడిగితే సన్నటి బొమ్మ చూపించి, "పెండ్లయ్యేదాంక గిట్ల" అంది. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. గ్లోరియా నవ్వలేదు.

వారంలో ఎప్పుడైనా భోజనం మానేస్తారా అన్నదానికి దాదాపు అందరూ అవునన్నారు. ఆ కాగితాలు చూసి మేడం గాబరా పడిందట. మన శుక్రవారం ఉపవాస ప్రార్థన సంగతి ఆమెకు తెలియదు, అడగలేదు కాబట్టి మేమూ చెప్పలేదు. అందుకని ఈస్టర్ అయ్యాక ఒకే ఒక్క ప్రశ్నతో మళ్ళీ వచ్చింది. మానేసేది దేవుని కోసమా, బరువు తగ్గడానికా?

ఈస్టర్‌కు ముందు శ్రమదినాల్లో గ్లోరియా నలభై రోజులూ ఒంటిపూటే తింది. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. పాస్టరమ్మ అందరి ముందు నిలబెట్టి, దేవుని కోసమే ఉపవాసమని సాక్ష్యం కూడా చెప్పించింది. పదిహేడేళ్ళ పిల్లకు ఇంత భక్తా అని నేను పొంగిపోయాను. ఈస్టర్ వెళ్ళిపోయింది గానీ దీని ఉపవాసం వెళ్ళలేదు. క్లాసుకు తీసుకెళ్ళిన అన్నం డబ్బా నిండుగానే తిరిగొస్తోంది. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి గోడ పట్టుకుంటోంది. నువ్వు నర్సువి, ఇదంతా ఏమిటో నాకన్నా నీకే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు మాట. పోయిన ఆదివారం ఆ ప్రశ్న గ్లోరియాను అడిగింది నేనే. అది నెమ్మదిగా, "బరువు కోసమే పిన్నీ. తినాలంటే భయమైతుంది నాకు. గట్లనే రాయి" అంది. వెనక వరుసలో నలుగురు ఆడవాళ్ళున్నారు, అందులో పాస్టరమ్మ ఒకరు. సాక్ష్యం చెప్పిన పిల్ల అబద్ధమాడిందంటారని, నన్నూ నిన్నూ అంటారని జంకి, 'దేవుని కోసం' అన్నచోట టిక్కు పెట్టాను. అది చూసింది. ఆ రోజు నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఎవరికీ చెప్పుకోని మాట నాకు చెబితే నేను దాన్ని లేకుండా చేశాను. నాకు చాలా సిగ్గుగా ఉంది అక్కా. చిన్నప్పుడు లావుగా ఉందని దాన్ని 'మోటీ' అని పిలిచింది కూడా మనిద్దరమే.

ఇంతవరకు రాసి, కవరు మీద నీ అడ్రసు కూడా రాశాను. అప్పుడు తట్టింది, దాని సంగతి దాన్ని అడగకుండా కాగితం మీద పెట్టడం నాకిది రెండోసారి అని. వంటింట్లోకి పిలిచి కూర్చోబెట్టుకుని, ఉత్తరం మొదటి నుంచి చదివి వినిపించాను. ఫొటో సంగతి దగ్గర తలవంచుకుంది. టిక్కు సంగతి దగ్గర ఇద్దరం ఏడ్చాం. తర్వాత అదే, "మేడంకు ఫోన్ చేద్దాం పిన్నీ" అంది. చేశాం. కాగితం దిద్దడం తన పని, ముందు పిల్లను డాక్టరుకు చూపించండి అని మేడం చెప్పి, ఇలాంటివి చూసే డాక్టరు పేరు ఇచ్చింది. గురువారం తీసుకెళ్తున్నాను. సెలవు పెట్టి నువ్వూ రా.

మమ్మీకి ఇంకేం రాయాలె అని అడిగితే చెప్పింది. ఈసారి చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"వచ్చినంక సన్నగైనవని అనొద్దు, లావైనవని అనొద్దు. తిను తిను అని గూడ అనొద్దు. నా పక్కకు కూసొని తన బువ్వ తాను తినుమను. నాకు ఎంత అయితే అంత నేను తింట."

ఆ నాలుగు మాటలూ మళ్ళీ చదివించుకుంది. సరిగ్గానే ఉన్నాయట. నా పేరు కింద మరాఠీలో తనూ సంతకం పెడుతుందట. చోటు వదులుతున్నాను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే చెల్లెలు,
సుందరి