మాల్కమ్ ఇచ్చిన కేసెట్టు

బేసింగ్‌స్టోక్,
9 జూన్ 2005.

కిరణ్మయికి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. కుండీలో నీ కరివేపాకు మొక్క కూడా కొత్త చిగురు వేసింది. అక్కడ నువ్వూ, అత్తయ్యగారూ, మామయ్యగారూ కులాసాగా ఉన్నారనీ, పుష్పలీల పురుడు పోసుకుని తేలిగ్గా తిరుగుతోందనీ నీ ఉత్తరంలో చూసి మనసు కుదుటపడింది. చంటిదానికి మీ చెల్లెలి ముక్కే వచ్చిందని రాశావు. ఫొటో తెస్తే నేనూ చూసి చెబుతాను.

ఫోన్‌లో ఎందుకంత ముక్తసరిగా మాట్లాడుతున్నారని అడిగావు. మీ ఇంట్లో ఫోన్ హాల్లో ఉంది. నువ్వు "ఏమైందండీ" అన్నావంటే మామయ్యగారు టీవీ సౌండు తగ్గించేస్తారు. అందరి మధ్యన ఈ మాటలు ఎలా చెప్పను? అందుకే కాగితం తీసుకున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వంట చేసుకుంటున్నాను, శుక్రవారం ఒక్కరోజే టేకవే. బాయిలర్ బాగుచేశారు. భుజం నొప్పికి క్లినిక్‌కి వెళ్ళాను. వంగి కూర్చుని చేసే పని తగ్గించమంది డాక్టరు. కంప్యూటర్ పని అని చెప్పి వచ్చానే గాని గిటార్ మాట ఎత్తలేదు.

ఇక మిగిలింది నీ చివరి ప్రశ్న. మంగళవారం గిటార్ క్లాసు ఎలా సాగుతోందనీ, నా స్వీప్ పికింగ్ ఎంతవరకు వచ్చిందనీ.

గిటార్ నా కోరిక. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ నాది. నువ్వు క్లాసుకి వచ్చింది సాయంత్రాలు ఫ్లాట్‌లో ఒక్కదాన్నే విసుగెత్తిపోతున్నానని. సరదాకి వస్తున్నావనుకున్నాను. మొదట్లో ఇద్దరం సమానమే. వేళ్ళు ఇద్దరికీ కాయలు కాచాయి. చలికాలంలో మాల్కమ్ క్లాసులో స్వీప్ నేర్పడం మొదలుపెట్టాడు చూడు, అప్పుడు మొదలైంది నా జబ్బు. తీగలు మీటే ప్లెక్ట్రమ్ బిళ్ళని ఒక్క ఊపులో తీగల మీదుగా కిందికి జార్చాలి, ఎడమచేతి వేలు ప్రతి తీగనీ నొక్కి, మోగగానే వదిలెయ్యాలి. వదలడం ఆలస్యమైతే స్వరాలన్నీ కలిసి మోగుతాయి. నాది ఎప్పుడూ ముద్దన్నమే. నువ్వు మూడో క్లాసుకే పొడిపొడిగా వాయించావు. మాల్కమ్ అందరినీ ఆపి, నీ చెయ్యి చూడమన్నాడు. అందరూ చూశారు. నేను ట్యూనింగ్ సరిచేసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

ఇంట్లో నువ్వు రోజూ సాధన చేసినా నాకు అంత బాధ ఉండేది కాదేమో. పప్పు ఉడికేలోపు రెండుసార్లు వాయించి పక్కన పెట్టేసేదానివి. కారులో వస్తూ "మణికట్టు బిగించకండి, వదిలెయ్యండి" అని నువ్వు చెప్పినప్పుడల్లా నేను రేడియో పెట్టేవాణ్ణి. అది ట్రాఫిక్ వార్తల కోసం కాదు.

నువ్వు కాకినాడ వెళ్ళినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు ఊరట కలిగింది. నువ్వు తిరిగొచ్చేసరికి నిన్ను దాటిపోవాలనుకున్నాను.

ఆ తర్వాతి మంగళవారం మాల్కమ్ నన్ను పక్కకి పిలిచి, జూన్ ఆఖరి శనివారం హాల్లో క్లాసువాళ్ళ ప్రోగ్రాం ఉందన్నాడు. స్వీప్ ఉన్న ముక్క కిరణ్మయి వాయిస్తే బాగుంటుంది, అప్పటికి వస్తుందా అని అడిగాడు. నీ టికెట్ దానికి ముందు గురువారానికి. నాకు ఆ సంగతి తెలుసు. అయినా రాదని చెప్పాను, జూలై దాకా అక్కడే ఉంటుందన్నాను. "అయితే నువ్వు ప్రయత్నిస్తావా" అని నన్ను అడిగాడు. సరేనన్నాను. అతను బ్యాగులోంచి ఒక కేసెట్టు తీసి, ఈ ముక్క ఇందులో మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా ఉంది, దీన్ని పట్టుకుని సాధన చెయ్యమని ఇచ్చాడు.

కిరణ్, ఆ కేసెట్టు నన్ను మార్చేసింది. ఆఫీసు నుంచి రాగానే టీ పెట్టుకుని అదే వినేవాణ్ణి. స్వరానికీ స్వరానికీ మధ్య అంత శుభ్రం, కానీ ఎక్కడా బిగింపు లేదు. చివర ఒకచోట పై తీగ మీద రవ్వంత ఆగి కిందికి దిగుతుంది. ఆ ఆగడం నాకెంత నచ్చిందంటే, ఆఫీసులో మీటింగులో కూర్చుని కూడా అదే తలుచుకునేవాణ్ణి. పదహారేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి చెయ్యి ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆ చేతి మీద నాకు ఒక్కరోజు కూడా కుళ్ళు పుట్టలేదు. దాని వెంట వెళ్తూ వెళ్తూ, మొన్న మొన్న నా మూడు తీగలు కూడా విడివిడిగా మోగాయి. నేను ఒక్కణ్ణే గదిలో నవ్వుకున్నాను.

మొన్న మంగళవారం రిహార్సల్. వాయించాను. నీ అంత కాదు గాని, ఎవరూ ముఖం చిట్లించలేదు. మాల్కమ్ చాలా మెరుగుపడ్డావన్నాడు. "అంతా నీ కేసెట్టు చలవే, నీలా వాయించడం నాకు ఈ జన్మలో రాదు గాని" అని అతనితో అన్నాను.

అతను అయోమయంగా చూశాడు. "అది నేను కాదు అచ్యుత్. మీ ఆవిడ. ఊరెళ్ళేముందు క్లాసులో రికార్డు చేశాను. ఆ రోజు నువ్వు రాలేదు కదా. నీకు తెలుసనుకున్నాను."

ఆ రోజు ఆఫీసులో నా వంతు డ్యూటీ పడింది. నువ్వు ఇంటికొచ్చి సూట్‌కేసు సర్దుకున్నావు. రికార్డింగు గురించి నాతో ఒక్క మాటైనా అనలేదు. చెబితే నేను రేడియో పెడతానని నీకు అప్పటికే తెలుసేమో.

అందరూ వెళ్ళేదాకా కుర్చీలు సర్దుతున్నట్టు అక్కడే ఉన్నాను. తర్వాత మాల్కమ్‌కి నిజం చెప్పాను, నువ్వు ఇరవైమూడున దిగుతున్నావనీ, కావాలనే దాచాననీ. అతను వైర్లు చుట్టుకుంటూ విన్నాడు. కోప్పడలేదు. "ఆమెకి నువ్వే చెప్పాలి, నేను చెప్పను" అన్నాడు. ఆ ముక్క నువ్వే వాయించాలని నేను అడిగాను. సరేనన్నాడు. వాయించడం, మానడం నీ ఇష్టం. అలసటగా ఉందనుకుంటే మానెయ్యి. నా మీద కోపంతో మాత్రం మానకు. హీత్రో నుంచి ఇంటిదాకా గంట దారి ఉంది, ఆ కోపం కారులో చూపించు. రేడియో పెట్టను.

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నిన్న ఆ కేసెట్టు మళ్ళీ పెట్టాను. నువ్వని తెలిసి వింటుంటే గుండెలో మంట లేచి, సగంలో ఆపేశాను. నాలుగు వారాలు ప్రేమగా విన్న అదే పాట. నీ పేరు తెలియగానే అందులో ఏం మారిందో నాకు అర్థం కాలేదు. ఇవాళ పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు మళ్ళీ పెట్టి, చివరిదాకా నిలబడి విన్నాను.

చాలా బాగా వాయించావు, కిరణ్. ఈ మాట నీతో అనడం ఇదే మొదటిసారి.

ఇట్లు,
మీ ఆయన
అచ్యుత్