కదిలే దుమ్ము

చిరంజీవి చిన్నోడికి,

పెద్దక్క దీవించి రాస్తున్నది. ఇంట్లో అందరం లేచి తిరుగుతున్నాం. నువ్వూ వేళకు తిని పడుకుంటున్నావనుకుంటాను. ఫోను చేయవచ్చు. కానీ ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు.

తోట కుర్చీలు బయటికి తీశారా అని అడిగావు. నిన్న ఉదయం తీశాం. వాన వెలిసి ఎండ వచ్చింది. నేను ప్రార్థన ముగించుకుని, పాలు కాచి దించి, సామాన్ల గది తలుపు తీశాను. నువ్వు ఆకుపచ్చ రంగు వేసిన చెక్క బల్ల, కుర్చీలు, వాటి మెత్తలు, అన్నీ ప్లాస్టిక్ పట్టా కింద ఉన్నాయి. తడి ఆరకుండానే కప్పేశామేమో, గుప్పున ముక్కిన వాసన కొట్టింది. మీ ఆవిడ ఆఫీసుకు ఆలస్యమవుతోందంటూనే రెండో కొస పట్టింది. గుమ్మంలో కూర్చున్న అమ్మ, "మెల్లగా మొయ్యండే, తొందర మీకు గానీ బల్లకు లేదు" అంది.

బల్ల మీద తెల్లటి దుమ్ము. గుడ్డతో తుడవబోయాను.

"ఆగండి వదినా. అది దుమ్ము కాదు, నడుస్తోంది" అంది మీ ఆవిడ.

"ఎక్కడ?"

"ఇదిగో, మీ వేలి పక్కనే ఊరేగుతున్నాయి."

అమ్మ కూడా లేచొచ్చి వంగి చూసింది. "ఆవగింజలో అరభాగం లేవు, ఎంత హడావిడో" అంది. నేనూ అవునవునన్నాను.

అవి కుట్టేవి కావట, చెక్కను తినేవీ కావట. చెమ్మకు పట్టిన బూజు తిని బతుకుతాయట. మీ ఆవిడ ఎక్కడో చదివి చెప్పింది. వాటికి ఎండే మందు. అన్నీ ఎండలో పెట్టి, మెత్తలు దులిపి, సందుల్లో పొడి బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిచాం. నీ బల్లకు ఇక భయం లేదు.

ఆమధ్య అమ్మకు చెమటలు పట్టి చేతులెందుకు వణికాయని కూడా అడిగావు. తిండి ఆలస్యమైందని అప్పుడు నీకు చెప్పించాను. ఇప్పుడు అసలు మాట రాస్తాను.

ఆ పురుగులు నాకు కనిపించలేదు. ఒక్కటీ కనిపించలేదు. ఎనభైకి దగ్గరపడ్డ అమ్మకు కనిపించాయి, నాకు మసక. గుడ్డ పట్టుకుని నిలబడ్డానే గానీ, నా మనసంతా అమ్మకు వేసే ఇన్సులిన్ మీదే ఉంది. సిరంజి మీది గీతలు కూడా అంత సన్నంగానే ఉంటాయి. కొంతకాలంగా వాటిని చూసి కాదు, చేతి అలవాటుతో మందు ఎత్తుతున్నాను. అమ్మ వణికిన రోజు మందు ఎక్కువ పడి ఉంటుంది. చెయ్యి తప్పనివ్వకని రోజూ దేవుడికి చెప్పుకున్నాను. ఆయనకు చెప్పాక ఇంట్లో చెప్పక్కర్లేదనుకున్నాను.

నిన్నటి మందు, వేలు నొప్పని వంక పెట్టి, మీ ఆవిడ చేత ఎత్తించాను. సాయంత్రం తను రాగానే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

మీ ఆవిడ మొహం పాలిపోయింది. "ఒక్క మాట అంటే ఏం పోయేది వదినా? రోజూ మీ పక్కనుంచే కదా వెళ్తాను" అంది.

అమ్మ, "నాకు అనుమానంగానే ఉంది. కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూసేదానివి" అంది.

"మరి అడగలేదేమమ్మా?"

"అడిగితే మానేస్తావు. సూది పని లేకపోతే పొద్దున్నే నా మంచం మీద వచ్చి ఎవరు కూర్చుంటారే?"



తర్వాత అనుకున్నదిది. సోమవారం మీ ఆవిడ సెలవు పెట్టి నన్ను కంటి డాక్టరుకు చూపిస్తుంది. అమ్మకు వణుకు వచ్చిన సంగతి అమ్మను చూసే డాక్టరుకు నేనే నా నోటితో చెప్పాలి. మందు ఎత్తి గీత చూసేది మీ ఆవిడ. గుచ్చడం కూడా తననే చెయ్యమన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "పెద్దది గుచ్చితే నొప్పి తెలీదు" అంది.

"సరే అత్తయ్యా, చూడటం నా వంతు, గుచ్చడం మీ కూతురి వంతు" అంది మీ ఆవిడ. అలాగే నిశ్చయమైంది. ఈ ఉదయం అమ్మ నా కోసం మంచం మీద కాస్త జరిగి చోటిచ్చింది.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దక్క