కదలకండి సార్

నర్సమ్మ గారికి,

ఆపరేషన్‌లో నా పేగు మొన పొట్ట మీదికి తెచ్చాక, దాని మీద మలం పట్టే సంచి అంటించుకోవడం నేర్పింది మీరే. సెలూన్ వాడినంటే గుర్తుపడతారు. "చుట్టూ వెంట్రుకలు తీసేస్తేనే సంచి నిలుస్తుంది, ఊడదీసేటప్పుడు మంటా ఉండదు" అన్నారు. గడ్డాలు గీసేవాడికే గీయడం నేర్పుతారా అని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

నిన్న పొద్దున పొట్ట నున్నగా గీసుకున్నాను. మధ్యలో ఆ ఎర్రటి మొన గుడగుడమంటే, అలవాటుకొద్దీ "కదలకండి సార్" అన్నాను. పనయ్యాక చెయ్యి ఊరుకుంటుందా? అందరికీ రాసినట్టే క్రీము రాసి, పౌడరద్ది, ఆపైన సంచి అంటించాను. జిడ్డు మీద అదెంతసేపు ఆగుతుంది?

షాపులో బ్యాంకు మేనేజరు గారికి ఒక చెంప పూర్తయ్యేసరికి సంచి జారింది. ఆయన ముక్కు ఎగబీల్చి, "పౌడరు మార్చావా?" అన్నారు. నేను పొట్ట పట్టుకుని వెనకున్న ఇంట్లోకి పరుగు. శుభ్రం చేస్తూ మా ఆవిడ తిట్టిన తిట్లు రాయడానికి ఈ కాగితం చాలదు. తిరిగొస్తే కుర్చీ ఖాళీ. ఇక నా షాపు గడప ఎవరు తొక్కుతారని అన్నం సయించలేదు.

చర్మం కాస్త ఎర్రబడింది, సోమవారం చూపిస్తాను. మా ఆవిడ ముందు మాత్రం క్రీము మాటెత్తకండి, మీకు పుణ్యముంటుంది.

ఇది రాస్తుండగానే మేనేజరు గారొచ్చి కుర్చీలో కూర్చున్నారు. నిన్నంతా ఒక చెంప గడ్డంతోనే బ్యాంకులో ఉన్నారట. "రెండోది కానియ్యవయ్యా. ఆ పౌడరు మాత్రం నాకొద్దు" అంటున్నారు.

నురగ కలపాలి, ఉంటాను.