మూడో గొర్రె తల్లి అభ్యంతరం

గౌరవనీయులైన హెడ్‌మిస్ట్రెస్ గారికి,

నమస్కారం. నేను రెండో తరగతి బి సెక్షన్లో చదివే పిల్ల తల్లిని. బడి గేటుకి ఎదురుగా, జెరాక్సు కొట్టు పక్కన ఉన్న టైలరింగు షాపు నాదే. మీ పిల్లల యూనిఫారాల్లో సగం నా మిషను మీద కుట్టినవే.

ఇది ఒక సిద్ధాంతం గురించి రాస్తున్న ఉత్తరం. మన బడిలో ప్రతి డిసెంబరులోనూ యేసు పుట్టుక నాటకం వేయిస్తున్నారు. ఎందుకండీ? మా పిల్ల తరగతిలో ముప్ఫై నలుగురు ఉంటే, ఆ మతం వాళ్ల ఇళ్లు నాలుగు. బడి అన్నాక అందరిదీ. ఒక్క మతం కథనే ఏటేటా వేసి మిగతావాటిని గాలికొదిలేయడం ఏం న్యాయం? పైగా మూడు వారాల పాటు లెక్కల పీరియడు రిహార్సళ్లకే సరిపోతోంది. మా పిల్లకి మూడో ఎక్కం ఇంకా సగంలోనే ఉంది. ఈ నాటకం ఆపేయాలని నా అభిప్రాయం. ఎవరి మీదా కోపంతో రాయడం లేదు.

యేసు తల్లి మరియ వేషం మా తోడికోడలి కూతురికి వచ్చిందని నిన్ననే తెలిసింది. చాలా సంతోషం. మా ఇద్దరి పిల్లలదీ ఒకే తరగతి, ఒకే ఇల్లు. వాళ్లు మేడ మీద, మేం కింద. వాళ్ల పిల్లని అందరూ వెన్నముద్ద అంటారు. మాదాన్ని పిడుగు అంటారు.

ఇట్లు,
పిడుగు వాళ్లమ్మ

తా.క. మా పిడుగుకి మూడో గొర్రె వేషం ఇచ్చారట. దానికీ ఈ ఉత్తరానికీ ఏ సంబంధమూ లేదు. మొదటి గొర్రె ఎవరో మాత్రం తెలియజేయగలరు.

—

టైలరు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి లేచి నిలబడి చదివాను. ఈ కుర్చీలో కూర్చుని ఇరవై రెండేళ్లయింది. ఈ నాటకం గురించి నాకొచ్చిన ఉత్తరాలతో ఒక సొరుగు నిండిపోయింది. మా వాడికి దేవదూత వేషం ఎందుకివ్వలేదు, మా అమ్మాయిని వెనక వరసలో ఎందుకు నిలబెట్టారు, అన్నీ ఇవే. తన పిల్ల సంగతి పక్కన పెట్టి నాటకం మంచిచెడ్డల గురించి ఆలోచించిన మొదటి తల్లి మీరే.

నాటకం వైపు నుంచి కూడా రెండు మాటలు చెప్పాలి. క్లాసులో నోరు విప్పని పిల్లలు దీని పుణ్యమా అని స్టేజీ ఎక్కుతారు. తలదాచుకోవడానికి చోటు దొరకని ఒక కుటుంబం కథ అది, ఏ మతం పిల్లలకైనా అర్థమవుతుంది. అయినా మీ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. అందుకని వచ్చే శుక్రవారం తల్లిదండ్రుల మీటింగు పెడుతున్నాను. ముఖ్య వక్త మీరే. మీ తోడికోడల్ని కూడా మరీ మరీ రమ్మన్నాను.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్

తా.క. మొదటి గొర్రె డ్రాయింగు మాస్టారి అబ్బాయి. గొర్రెలకి నంబర్లు ఎత్తుని బట్టి ఇచ్చాం, తెలివిని బట్టి కాదు. మరియ నీలం గౌను కొలతలు జతచేశాను, ఎప్పటిలాగే మీరే కుట్టిపెట్టాలి.

ఇంకో తా.క. పక్క బడివాళ్లు ఈసారి వాళ్ల నాటకంలో నిజం గాడిదని స్టేజీ ఎక్కిస్తున్నారట. నాకేమీ పట్టింపు లేదు. మీ షాపుకి నలుగురూ వస్తుంటారు కదా, ఎవరి దగ్గరైనా గాడిద ఉందేమో కనుక్కోండి. వాళ్లదానికంటే కాస్త పెద్దదైతే మంచిది.

—

గౌరవనీయులైన హెడ్‌మిస్ట్రెస్ గారికి,

నమస్కారం. మీటింగు దాకా ఎందుకండీ. నేను మిషను తొక్కుకునేదాన్ని, మైకు ముందు నిలబెడితే నోరు పెగలదు. అసలు నాటకం మొత్తం ఆపమని కాదు నా ఉద్దేశం, కాస్త సవరించమని. మరియ వేషం ఒక్క పిల్లే ఎందుకు వేయాలి? కథలో ఆవిడ అంత దూరం ప్రయాణం చేసింది కదా. బయల్దేరేటప్పుడు ఒక పిల్ల, చేరేటప్పటికి ఇంకో పిల్ల ఉండచ్చు. అంత దూరం నడిచాక ఎవరి మొహమైనా మారిపోతుంది. నాటకం పొడుగునా లైటంతా ఒక్కదాని మీదే వేసి మిగతా పిల్లల్ని చీకట్లో పెట్టడం పెంపకానికే మంచిది కాదు.

మా మేడ మీద ఏం జరుగుతోందో మీకు తెలియదు. మా అక్కయ్య, అంటే మా తోడికోడలే, వెన్నముద్ద నెత్తిన తువ్వాలు కప్పి, చేతికి బొమ్మనిచ్చి, పొద్దున్నే బాల్కనీలో కూర్చోబెడుతోంది. పాలవాడు ఎందుకని అడిగాడు. పేపరువాడు అడిగాడు. అడగనివాళ్లని ఆపి మరీ చెబుతోంది. నేను షాపుకి వెళ్లేటప్పుడు తల పైకెత్తకుండా వెళ్తున్నాను, మెడ పట్టేసింది.

పదకొండేళ్లుగా ఇదే వరస. అద్దం ఉన్న బీరువా ఆవిడకి, అద్దం లేనిది నాకు. వెలుతురొచ్చే గది ఆవిడకి, మెట్ల కింది గది నాకు. టీలో ఆవిడ ఇంకో చెంచా చక్కెర వేస్తే మా అత్తగారికి ప్రేమ, నేను వేస్తే దుబారా. ఇప్పుడు మరియ కూడా మేడ మీదకే వెళ్లింది. నాది అసూయ అంటారు మా ఆయన. అసూయ కాదండీ, కడుపుమంట. అసూయ ఉన్నవాళ్లు అవతలివాళ్లది తమకి కావాలనుకుంటారు. నాకు ఆవిడది ఏదీ అక్కర్లేదు, ఆవిడకి లేకపోతే చాలు.

ఇట్లు,
పిడుగు వాళ్లమ్మ

తా.క. నీలం గౌను కుట్టడం అయింది. వెన్నముద్దకి వేసి చూస్తే భుజాల దగ్గర బిగిసిపోయింది. ఊరికే చూద్దామని మా పిడుగుకి వేశాను, అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మీరు పంపిన కొలతల కాగితం మీద టీ ఒలికింది. అలవాటైన చేతికి అలవాటైన కొలతే వస్తుంది కదా.

గాడిద దొరకలేదు.

—

టైలరు గారికి నమస్కారాలు.

మీటింగుకి మీరు రాలేదు, మెడ పట్టేసిందని మీ వారు చెప్పారు. ఏం ఫరవాలేదు, మీ రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. మేడ మీద సంగతులు నాకు మాత్రమే రాసినవని, ఆపమని కాదు సవరించమనే అన్న మాట మీ మొహమాటమని, వాటిని వదిలేశాను. లైటంతా ఒక్క పిల్ల మీదే వేసి మిగతా పిల్లల్ని చీకట్లో పెట్టడం అన్న మాట దగ్గర వెనక వరస తల్లులు చప్పట్లు కొట్టారు. ఓట్లు పెడితే మీ వైపు పద్నాలుగు, నాటకం వైపు పదమూడు. మీరు గెలిచారు. ఈ ఏడు నాటకం లేదు.

దాని బదులు నీటి పొదుపు మీద ప్రదర్శన ఉంటుంది. అందులో అందరు పిల్లలూ బకెట్లే. పెద్ద బకెట్టు, చిన్న బకెట్టు అని కూడా లేదు, అందరిదీ ఒకటే సైజు.

ఇంకో సంగతి. మొన్నటి నుంచి వెన్నముద్దకి గవదబిళ్లలు, రెండు చెంపలూ వాచిపోయాయి. నాటకమే ఉండి ఉంటే గౌను ఎవరికి సరిపోయిందో ఆ పిల్లకే, అంటే మీ పిడుగుకే, మరియ వేషం ఇవ్వాలని క్లాసు టీచరు మొన్న అన్నది. మీరు అలాంటివాటికి లొంగే మనిషి కాదని ఆమెకి చెప్పాను.

ఇట్లు,
మీ అభిమాని, హెడ్‌మిస్ట్రెస్

తా.క. ముప్ఫై నాలుగు బకెట్టు వేషాలు కావాలి. పిడి కూడా ఉండాలి.

ఇంకో తా.క. పక్క బడి గాడిద రిహార్సల్లో పాటకి తల ఊపుతోందట. మనం నాటకమే మానేశాక ఎవరి గాడిద గొప్పదన్న ప్రశ్నే లేదు. మనసు తేలికపడింది.

—

గౌరవనీయులు, పూజ్యులు అయిన హెడ్‌మిస్ట్రెస్ గారికి,

నమస్కారం, వెయ్యి నమస్కారాలు. మీ ఉత్తరం అందిన అయిదు నిమిషాల్లో ఇది రాస్తున్నాను. మిషను మీద చొక్కా సగంలో ఉంది.

ఘోరం జరిగిపోయింది. నా మొదటి ఉత్తరంలోని ప్రతి మాటకీ ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను, కాకపోతే తిరగేసి చదవాలి. ఆ మతం వాళ్లవి నాలుగు ఇళ్లే అన్నాను. అందుకే కదండీ వేయాలి. ఆ నాలుగు ఇళ్ల కథ మిగతా ముప్ఫై ఇళ్లకి తెలియద్దా? లెక్కల పీరియడు పోతుందన్నాను. ముగ్గురు జ్ఞానులు, ఆరు గొర్రెలు, ఇవి లెక్కలు కావా? లైటు ఒక్క పిల్ల మీదే పడకూడదన్నాను. ఎవరి మీదా పడకపోతే లైటు ఎందుకు? పిల్లల్ని బకెట్లు చేస్తామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? మతాలన్నిటి మీదా గౌరవం కలగాలంటే నాటకం వేసి తీరాలి. ఓట్లు మళ్లీ పెట్టించండి. మెడ నయమైంది, వచ్చి మైకులో మాట్లాడతాను.

ఇది సిద్ధాంతం. ఇందులో నా స్వార్థం రవ్వంత లేదు.

ఇట్లు,
మరియ వాళ్లమ్మ (కొట్టేశాను) పిడుగు వాళ్లమ్మ

తా.క. మా తోడికోడలికి ఈ కబురు మీరు చెప్పకండి. నేనే మెట్లెక్కి వెళ్లి, చెంపలు ఎలా ఉన్నాయని అడిగి, తీరిగ్గా చెబుతాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

—

టైలరు గారికి,

నాటకం ఉంది. మీ ఉత్తరం వల్ల మాత్రం కాదు.

ఆపేశామని నోటీసు బోర్డులో పెట్టగానే మన బడి బస్సు డ్రైవరు నా గదికి వచ్చాడు. మీరన్న నాలుగు ఇళ్లలో ఆయనది ఒకటి. "ఈ నాటకం వేయమని మేమెప్పుడూ అడగలేదమ్మా. మానేసినా ఏమీ అనం. కానీ మావాడు ఇంటికొచ్చి, మన మూలంగానే ఆగిపోయిందా నాన్నా అని అడుగుతున్నాడు. ఆపితే ఆపండి, అసలు కారణం ఏంటో చెప్పి ఆపండి" అన్నాడు.

ఆయన వెళ్లాక అసలు కారణం వెతుకుదామని మీ మూడు ఉత్తరాలూ వరసగా పెట్టుకున్నాను. పైనున్న సిద్ధాంతాలు వదిలేసి, తా.క.లు మాత్రం చదివాను. అప్పుడు తెలిసింది. నా తా.క.లు కూడా తీసి చదువుకున్నాను. నా కారణం గాడిద. ఇద్దరం కలిసి ఒక పసివాడికి తలదించుకునే పని పెట్టాం. నాకు సిగ్గేసింది.

ఇలాంటి నాటకాలు బడిలో వేయచ్చా కూడదా అన్నది మాత్రం మంచి ప్రశ్నే. జూన్‌లో, వేషాలు పంచకముందు, అందరినీ పిలిచి మాట్లాడిస్తాను. ఎవరి పిల్ల ఏమవుతుందో తెలియనప్పుడే అలాంటివి మాట్లాడుకోవాలి.

ఇక మీ పిడుగు సంగతి. మరియ వేషం ఇద్దామని క్లాసు టీచరుతో నేనూ అన్నాను. ఆమె నవ్వి, నిన్న అడిగి చూశానండీ, మళ్లీ వద్దంది, మొదట్లో అడిగిందీ ఈ పిల్లనే, అప్పుడూ వద్దని, గొర్రెనే ఇమ్మని అడిగి మరీ తీసుకుంది అని చెప్పింది. నమ్మలేక పిల్లని నా గదికి పిలిపించాను. బల్ల మీద గంట రెండుసార్లు మోగించుకుని, ఆ తరవాత చెప్పింది. దాని మాటలే రాస్తున్నాను.

"పరుగు పందెంలో నేను ఫస్టొచ్చాను కదా టీచర్. రిబ్బను తెంపగానే అమ్మని చూశా. అమ్మ నన్ను చూడట్లేదు, పెద్దమ్మ మొహం చూస్తోంది. నేను మరియ అయితే అమ్మ నాటకమంతా పెద్దమ్మ మొహమే చూస్తుంది. గొర్రె అయితే ఆరుగురిలో నేనెక్కడున్నానో వెతుక్కోవాలిగా. అప్పుడు నన్నే చూస్తుంది."

గంట ఇంకోసారి మోగించుకోమన్నాను.

వెన్నముద్ద చెంపలు తగ్గాయి, వేషం ఆ పిల్లదే. నీలం గౌను తిరిగి పంపుతున్నాను, పక్క కుట్లు విప్పి వదులు చేయండి.

ఇట్లు,
హెడ్‌మిస్ట్రెస్

తా.క. మీ కుర్చీ మొదటి వరసలో నడిమధ్యన వేయించాను. మీ తోడికోడలి కుర్చీ సరిగ్గా మీ వెనక. ఆవిడ మొహం చూడాలంటే మీరు పూర్తిగా వెనక్కి తిరగాలి. తిరిగితే, స్టేజీ మీంచి మూడో గొర్రెకి కనిపిస్తుంది.