ఎర్ర సిరాలో పదిహేడు

అక్కా,

నీకూ పాఠాలు చెప్పిన మన లెక్కల టీచరమ్మ ఎలాంటివారని అడిగితే నువ్వు నవ్వి ఊరుకున్నావు. ఆవిడకు అసలు లెక్కలు వచ్చా అని నాకు నెల రోజులుగా అనుమానం. రోజుకో తప్పు బోర్డు మీద రాసి, ఎవరో ఒకరి బెంచి పక్కన నిలబడతారు. ఆ అమ్మాయి లేచి సరిదిద్దితే, "బతికించావే తల్లీ!" అని నవ్వేస్తారు. పరీక్షలు ముంచుకొస్తుంటే నవ్వులేమిటి? ఆవిడను మార్చమని పెద్ద టీచరుగారికి ఫిర్యాదు రాశాను. "అక్షమ్యం" అన్న మాట తట్టినప్పుడు ఎంత మురిసిపోయానో! తరగతి అంతా సంతకాలు చేసింది.

ఇవాళ హోంవర్కు పుస్తకాలు పెట్టడానికి వెళితే, ఆవిడ బల్ల మీద పాఠాల నోట్సు తెరిచి ఉంది. దొంగచూపు చూశాను. ప్రతి తప్పూ ముందుగానే ఎర్ర సిరాతో రాసి ఉంది, పక్కన ఒక రోల్ నంబరు. అన్నీ తరగతిలో నోరు విప్పనివాళ్లవే. మంగళవారం దగ్గర పదిహేడు, నా నంబరు.

ఆ రోజు ఆవిడ నా పక్కనే చాలాసేపు నిలబడ్డారు. నేను తల ఎత్తలేదు. ఆ తప్పును ముత్యాల్లాంటి అక్షరాలతో నా పుస్తకంలో ఎక్కించుకుని, కింద స్కేలుతో గీత కూడా గీశాను.

ఫిర్యాదు చింపేశాను. రేపు లేచి మంగళవారం లెక్క సరిచేస్తాను. కానీ ఎందుకు చింపావని సంతకాలు చేసినవాళ్లు అడిగితే ఏం చెప్పను? నిజం చెబితే ఇక ఎవరూ తప్పు వెతకరు.

నువ్వెందుకు నవ్వి ఊరుకున్నావో, ఇప్పుడు నీ మీదే అనుమానంగా ఉంది.

నీ చెల్లి