శుక్రవారం డబ్బు

3-7-98, శుక్రవారం

కారు ఇన్సూరెన్స్ ఈరోజుతో అయిపోతుందని మా ఆయన ఉదయమే గుర్తు చేశారు. నేను బీరువా తీయనివ్వలేదు. శుక్రవారం లక్ష్మిని గడప దాటించకూడదు. రేపు కట్టండి అన్నాను. పాలు పోసే సుబ్బులమ్మ నెల డబ్బుకు వస్తే ఆమెకూ అదే చెప్పాను. శుక్రారం మీ ఇంట్లో కాసు రాలదని ఊరంతా తెలుసులేమ్మా అని నవ్వుతూ పోయింది.

4-7-98

ఇన్సూరెన్స్ ఏజెంటు గంగాధరం ఇంటికని కారు తీశారు. రేణిగుంట రోడ్డు మలుపులో సైకిల్‌ను గుద్దారు. సైకిల్ మీద ఉన్నది సుబ్బులమ్మ భర్త మునిరామయ్య. తొడ ఎముక విరిగింది.

5-7-98, ఉదయం

సహస్రనామం మధ్యలోనే ఆగిపోయింది. ఎక్కడ ఆగానో గుర్తులేదు.

5-7-98, సాయంత్రం

గంగాధరం వచ్చాడు. నా జాతకంలో వాహనయోగం ఉందని కారు నా పేరున తీసుకున్నాం కదా, కేసు నా మీదకీ వస్తుందట. ఇన్సూరెన్స్ లేకుండా నడిపినందుకు ఫైనో, జైలో. అది చిన్నదేనట. మునిరామయ్యకు కోర్టు వేసే నష్టపరిహారమంతా మేమే కట్టాలి. పొలం మీదికి వస్తుందన్నాడు.

తర్వాత గొంతు తగ్గించాడు. శుక్రారం తేదీ ఏసి, ఇన్సూరెన్స్ కట్టినట్టు కవర్ నోట్ రాసిస్తాలేక్కా, ఆ పొద్దే దుడ్డు కట్టినామని స్టేషన్లో ఒక మాట చెప్పు, సాలు. ఆ పెద్దాయనకూ కంపెనీ దుడ్డు వస్తాది, ఎవురికీ నష్టం లేదు అన్నాడు. మా ఆయన నా ముఖం చూడలేదు.

6-7-98

ఆస్పత్రికి వెళ్లాను. సుబ్బులమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ దినమే నా దుడ్డు ఇచ్చుంటే మా ఇంటాయన శనివారం మీ ఇంటికి బయల్దేరేవాడే కాదు గదమ్మా అంది.

మా ఇంటికే వస్తున్నాడు.

ఆమెను రేపు రమ్మని పంపిన రోజే గంగాధరానికి డబ్బిచ్చానని నేను స్టేషన్లో చెప్పాలి.

7-7-98

స్టేషన్. కవర్ నోట్ ఆయన జేబులో ఉంది. ఎస్సై అడిగితే ఇన్సూరెన్స్ లేదని చెప్పాను. శుక్రవారమని నేనే కట్టనివ్వలేదనీ చెప్పాను. ఎస్సై రాస్తూ రాస్తూ ఆగి, ఇది యాడ రాసేదమ్మా అన్నాడు. బయటికి వచ్చాక మా ఆయన, పొలం పోతాది, తెలుసా అన్నారు. తెలుసు అన్నాను.

10-7-98, శుక్రవారం

బీరువా తీశాను. సుబ్బులమ్మకు పాల డబ్బు ఇచ్చి వచ్చాను. లక్ష్మి పటం ముందు దీపం వెలుగుతూనే ఉంది.